తోడు అడగని అమ్మాయికి

ముందు ఉత్తరం. పొడుగ్గా ఉంది, కొంత తగ్గించాను. ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు తీసేశాను.

"టీచరుగారికి వందనాలండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. బి.ఎడ్. అయ్యాక మూడేళ్ళు మన దగ్గరే మిషన్ స్కూల్లో చెప్పి, ఈ జనవరిలో పాపువా న్యూ గినీ వచ్చానండి. ఇక్కడ కొండల మీద ఒక మిషన్ స్కూల్లో లెక్కలు, సైన్సు చెబుతున్నాను. టీములో చిన్నా పెద్దా కలిపి ఎనిమిది మందిమి. ఆస్ట్రేలియా నుంచి పెద్ద దంపతులు, ఇద్దరు పిల్లలతో ఒక ఫిలిప్పీన్స్ కుటుంబం, నాతో ఇల్లు పంచుకునే కొరియా అమ్మాయి, నేను. వచ్చేముందు అందరూ 'అక్కడ టీమే నీ కుటుంబం' అని చెప్పి పంపారు. అందరూ మంచివాళ్ళేనండి. శుక్రవారం రాత్రి కలిసి భోంచేస్తాం, ప్రార్థన చేసుకుంటాం, నా పుట్టినరోజుకి కేకు కూడా చేశారు. కాని ఇంటికొచ్చి తలుపేసుకుంటే చుట్టాలింటికి వెళ్ళొచ్చినట్టుంటుంది. అరవై దాటిన ఆవిణ్ణి పేరు పెట్టి పిలవమంటారు. నోరు రాక ఇన్ని నెలలుగా ఏమీ పిలవకుండానే నెట్టుకొస్తున్నాను. ఆగస్టులో మూడు రోజులు జ్వరం వచ్చింది. ఎవర్నీ ఇబ్బంది పెట్టడం ఎందుకని ఎవరికీ చెప్పలేదు. కొరియా అమ్మాయి అప్పుడు ఊళ్ళో లేదు. తర్వాత తెలిసి ఆస్ట్రేలియా ఆవిడ ముఖం మాడ్చుకున్నారు. వాళ్ళకి శ్రమ తప్పించాను కదా, కోపం ఎందుకో! ఈమధ్య కొరియా అమ్మాయికీ నాకూ ఫ్రిజ్ దగ్గర మాటామాటా వచ్చింది. తన కిమ్చి ఊరగాయ వాసన, నా టిన్ను చేపల పులుసు వాసన. రెండు వారాలుగా అవసరానికి మించి మాట్లాడుకోవడం లేదు. ఇక్కడి పిల్లలు మాట్లాడే టోక్ పిసిన్‌లో 'యుమి', 'మిపెలా' అని రెండు మాటలున్నాయండి, మన 'మనం', 'మేము' లాగే. ఒకే భాష వాళ్ళని 'వాంటోక్' అంటారు. వాంటోక్ అంటే ఇంటి మనిషి లెక్క. నాకిక్కడ వాంటోకులు లేరు. ఇంకోటి, నాన్నగారు లేరు, అమ్మకి నేనొక్కదాన్నే. టీము గురించి సంతోషంగా చెబితే అమ్మ గొంతు మారిపోతుంది. వీళ్ళు నిజంగా నా కుటుంబం అవుతారాండి? అలా కోరుకోవడం అమ్మకి అన్యాయం చేసినట్టా? క్రిస్మస్ వస్తోందంటే భయంగా ఉంది."

అమ్మాయ్, వందనాలు. నువ్వు అనే అంటున్నాను, ఏమీ అనుకోకు. నీ వయసు వాళ్ళ అమ్మలకి పాఠాలు చెప్పిన నోరు ఇది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వాసనల గొడవ దగ్గర నవ్వుకున్నాను, జ్వరం దగ్గర ఆగిపోయాను. ఆ ఆస్ట్రేలియా ఆవిడకి కోపం ఎందుకొచ్చిందో నాకు తెలుసు. ఎలా తెలుసో చెబుతాను.

నేను 1989 నుంచి 1995 దాకా జాంబియాలో, తూర్పున చిపాటా పట్నానికి దగ్గర్లో ఒక మిషన్ స్కూల్లో పనిచేశాను. అంతకుముందు నర్సాపురం నుంచి పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లి వెళ్ళడమే నాకు పెద్ద ప్రయాణం. మా టీము నీ టీము కన్నా చిన్నది. స్కాట్లాండు నుంచి ఒక నర్సు, కేరళ నుంచి లెక్కల మాస్టారు, ఆయన భార్య, నేను. కేరళ వాళ్ళకీ నాకూ మధ్య ఒక గోడ అడ్డం, అంతే. వెళ్ళిన కొత్తలో అన్నిటికన్నా బాధపెట్టింది ఏమిటంటావ్? పెరుగు. పాలపొడి దొరికేది, పాలు కలుపుకునేదాన్ని, కాని తోడుపెట్టడానికి తోడు లేదు. పచ్చిమిరపకాయ తొడిమలు వేసి చూశాను, ఒకసారి జిగురొచ్చింది, ఒకసారి కంపు కొట్టింది. గోడ అవతల మాత్రం ఆవిడ రోజూ రాత్రి పెరుగు తోడుపెట్టేది. గిన్నె మూత చప్పుడు వినపడేది నాకు. అడగలేదు. కొత్తగా వచ్చాం, అప్పుడే అరువులేమిటి, ఏమనుకుంటారో అని. అయిదు నెలలు అలా గడిపాను.

ఒకరోజు ఆవిడే గిన్నె పట్టుకుని మా ఇంటికొచ్చింది. వాళ్ళ పెరుగు విరిగిపోయిందట. మీ ఇంట్లో కాస్త తోడు ఉందా అని అడిగింది. అసలు విషయం చెప్పాను. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. ముఖం ఎర్రబడిపోయింది. "అయిదు నెలలా? ఇదిగో ఈ గోడ అవతల ఉన్నాను, నేనేం పరాయిదాన్నా?" అని, గిన్నె అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది.

నాకు నేను చెప్పుకున్నది: ఆవిణ్ణి ఇబ్బంది పెట్టలేదు. ఆవిడ విన్నది: నిన్ను నా మనిషి అనుకోలేదు. నీ జ్వరం సంగతీ అదే. అరవై దాటిన మనిషి, తన పిల్లలు ఎక్కడో సముద్రం అవతల ఉండి ఉంటారు, నాలుగు అడుగుల దూరంలో ఒక అమ్మాయి మూడు రోజులు మంచం మీద మూలుగుతుంటే తనకి తెలియలేదు. ఇంట్లో ఇంకో మనిషి కూడా లేదు. ఆవిడ ముఖం మాడ్చుకోక ఏం చేస్తుంది? కోపం వచ్చిందంటేనే ఆ మనిషి లోపల నీకు ఎప్పుడో చోటిచ్చేసిందని అర్థం. చుట్టం మీద అలాంటి కోపం రాదు.

మన డెల్టా వాళ్ళకి ఈ మొహమాటం ఒక జబ్బు. పెట్టేటప్పుడు ఉండదు చూడు, అడగడానికే అడ్డం వస్తుంది. ఇంటికొచ్చిన వాడికి తినిపించి తినిపించి చంపుతాం, మనకి కావలసింది మాత్రం నోరు తెరిచి అడగం. నువ్వు శుక్రవారం భోజనాలకి ఏదో ఒకటి వండి పట్టుకెళుతూనే ఉంటావు, నాకు తెలుసు. వాళ్ళ పిల్లలకి లెక్కలు కూడా చెబుతూ ఉంటావు. ఇచ్చే వైపే కూర్చుంటే మర్యాదస్తురాలివి అవుతావు, అక్కడితో సరి. మన ఊళ్ళో పక్కింటి పిన్నిగారు ఎలా పిన్నిగారైంది? తోడు కోసం, గ్లాసుడు పంచదార కోసం, కరెంటు పోతే అగ్గిపెట్టె కోసం వెళ్ళి వెళ్ళి. పెరుగు తోడుని ఎవరూ తిరిగి అడగరు, లెక్క రాసుకోరు. ఆ మాటే చూడు, పెరుగులో వేసేదీ తోడే, పక్కన ఉండే మనిషీ తోడే.

కాబట్టి ముందు చెప్పే పని ఇది. ఈ వారంలో ఆస్ట్రేలియా ఆవిడ దగ్గరికి వెళ్ళి ఒకటి అడుగు. పెద్దదేమీ అక్కర్లేదు. జాకెట్టు హుక్కు ఊడిందని సూదీదారం అడుగు, సంత రోజున తోడు రమ్మను, చలికి ఇంకో దుప్పటి కావాలను. జ్వరం సంగతి కూడా ఎత్తు. "మా వైపు ఇబ్బంది పెట్టకపోవడమే మర్యాద, అందుకే చెప్పలేదు" అని చెప్పు. వాళ్ళకి మన మొహమాటం తెలియదు. ఆ మాటకి ఇంగ్లీషు లేదు, నువ్వే విడమరిచి చెప్పాలి.

ఇక పిలుపు. నీకు తెలుసో తెలియదో, ఫిలిప్పీన్స్ వాళ్ళు అక్కని 'ఆతే' అంటారు, అన్నని 'కూయా' అంటారు. కొరియాలో ఆడపిల్ల తన అక్కని 'ఆన్నీ' అంటుంది. వయసులో పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవడం వాళ్ళ ఇళ్ళల్లోనూ లేదు. అంటే ఏమైందంటే, మీరు ముగ్గురు ఆడవాళ్ళు, ముగ్గురికీ 'అక్కా' అని పిలిచే నోరుంది, ముగ్గురూ ఆ మాట సూట్‌కేసులో దాచుకుని ఇంగ్లీషు మర్యాద కోసం ఒకరినొకరు పేర్లతో పిలుచుకుంటున్నారు. ఒక శుక్రవారం భోజనాల దగ్గర ఈ సంగతి ఎత్తి చూడు. అక్కకి వేరే, చెల్లికి వేరే మాట ఉందని, పిన్ని వేరే, అత్త వేరే అని చెప్పు. ఎవరికి ఏది కావాలో వాళ్ళనే ఏరుకోనివ్వు. మా స్కాట్లాండు నర్సు 'అత్తయ్య' కావాలని పట్టుబట్టింది. ఆ మాట ఆవిడ నోటికి బాగుందట. అత్తయ్య అంటే ఏమిటో తెలిశాక కూడా మార్చుకోలేదు. అక్కడి చిన్నపిల్లలు నిన్ను అత్త అనడం మొదలుపెట్టిన రోజు మాత్రం నాకో ఉత్తరం ముక్క రాయి.

వాంటోక్ లేరన్నావు. ఎనిమిది వందలకి పైగా భాషలున్న దేశంలో, పక్క లోయ వాడి మాట కూడా అర్థం కాని చోట, నా భాష వాడే నా వాడు అనుకోవడంలో తప్పేముంది? కాని యుమి, మిపెలా నువ్వే పట్టుకున్నావు చూడు, అందులో ఉంది నీకు కావలసింది. ఇంగ్లీషులో టీము మీటింగు జరిగినప్పుడు 'వి' అని ఒక్కటే మాట, అందులో నువ్వున్నావో లేవో తెలియదు. మన భాషలో తప్పించుకోవడానికి లేదు. మనం అనాలి, లేకపోతే మేము అనాలి. రేపటి నుంచి మీ అమ్మతో మాట్లాడేటప్పుడు నీ నోరు నువ్వే గమనించుకో. "వాళ్ళు వంట చేశారు" నుంచి "మేము వంట చేసుకున్నాం" దాకా వస్తే సగం దారి వచ్చినట్టే. ఎప్పుడో ఒకసారి ఆ కొరియా అమ్మాయితో ఫ్రిజ్ ముందు నిలబడి నువ్వు టోక్ పిసిన్‌లో యుమి అంటావు. అన్న సంగతి నీకే తర్వాత గుర్తొస్తుంది.

ఫ్రిజ్ దగ్గరికే వద్దాం. రెండు వారాలంటే ఎక్కువే అయింది. ఇలాంటి వాటిలో నాకు మంచి పేరు లేదు, అందుకే చెబుతున్నాను. 1992లో దక్షిణ ఆఫ్రికా వైపు దేశాలన్నిటికీ పెద్ద కరువొచ్చింది. మొక్కజొన్న ఎండిపోయింది. బయటి నుంచి పసుపు మొక్కజొన్న తెప్పించారు. తెల్ల పిండి సంకటికి అలవాటు పడ్డ మా హాస్టలు పిల్లలు దాన్ని చూసి మూతి ముడిచేవారు. మా బోరులో నీళ్ళు తగ్గాయి, ఇంటికి రోజుకి ఇన్ని బకెట్లని లెక్క పెట్టుకున్నాం. ఒకరోజు నర్సు నా వంతు బకెట్టు కూడా పట్టుకెళ్ళి ఆస్పత్రి దుప్పట్లు ఉతికించింది. నేను పదిమందిలో అనేశాను. ఆవిడేమీ అనలేదు. ఆ తర్వాత "గుడ్ మార్నింగ్", "గుడ్ నైట్" తప్ప మామధ్య మాటల్లేవు. నాకు తప్పని తెలుసు. వచ్చే ఆదివారం చెబుదాం, ఈ పరీక్షలయ్యాక చెబుదాం అనుకుంటూ ఉండగానే ఆవిడ సెలవు మీద ఇంటికి వెళ్ళింది. వాళ్ళమ్మకి జబ్బు చేసి తిరిగి రాలేదు. ఉత్తరం రాశాను, క్షమించమన్నాను. ఏడాది తర్వాత క్రిస్మస్ కార్డు వచ్చింది, రెండు లైన్లు. బకెట్టు మాట లేదు అందులో. అత్తయ్య అని సంతకం మాత్రం ఉంది. ఇప్పటికీ నా బైబిల్లో ఉంది ఆ కార్డు.

బైబిల్లో పౌలూ బర్నబా అంతటివాళ్ళే తోటి సేవకుడు మార్కు గురించి గట్టిగా పోట్లాడుకుని చెరో దారీ పట్టారు. అదే పౌలు చివర్లో మార్కుని వెంటబెట్టుకు రమ్మని, అతను నాకు పనికొస్తాడని రాశాడు. సేవకి వెళ్ళిన వాళ్ళకి పోట్లాటలు రావని మనకెవరు చెప్పారో గాని, నాకు తెలిసి వెనక్కి వచ్చేసిన వాళ్ళలో ఎండకో దోమకో భయపడి వచ్చినవాళ్ళు తక్కువ, పక్క గది మనిషితో పడక వచ్చినవాళ్ళే ఎక్కువ. అందుకని నువ్వే ముందు కదులు. ప్రసంగం వద్దు. ఒక గిన్నె కొని, గట్టి మూత ఉన్నది, "ఇది నా పులుసుకి" అని ఫ్రిజ్‌లో పెట్టు. తర్వాత తన కిమ్చి కాస్త పెట్టమని అడుగు. ఉల్లికాడలు, కారం, ఉప్పు, ఊరబెట్టిన వాసన. ఆవకాయ తిన్న నోటికి అది అంత పరాయిది కాదమ్మా.

మన వైపు గల్ఫు వెళ్ళని ఇల్లు తక్కువ కదా. మా పిన్ని కూతురు పదకొండేళ్ళు కువైట్‌లో ఉంది. అయిదారుగురు ఆడవాళ్ళు ఒక గదిలో, రాజోలు వాళ్ళు, కడప వాళ్ళు, ఒక శ్రీలంక ఆవిడ. మొదట్లో చర్చికి కలిసి వెళ్ళేవారట, కలిసి పాడేవారట, అయినా ఎవరి పెట్టెకి వాళ్ళు తాళం. వంటకి వంతులు పెట్టుకుని, ఒకరి వంట బాగోలేదని ఇంకొకరు మొహం మీద అనగలిగాక గాని అక్కచెల్లెళ్ళం కాలేదు అంటుంది అది. నాకు ఆ మాట నచ్చింది.

ఒక విషయంలో మాత్రం కళ్ళు తెరుచుకుని ఉండు. "మనమంతా ఒక కుటుంబం కదా" అనే మాటని పని చేయించుకోవడానికి వాడే పెద్దలు ఉంటారు. మీవాళ్ళు అలాంటివాళ్ళని అనడం లేదు. ఆదివారం డ్యూటీలు, సెలవు రోజుల హాస్టలు కాపలా, పెళ్ళికాని పిల్ల కదా అని అన్నీ నీ మీదే పడుతుంటే వంతులు అడుగు. డబ్బు అప్పులు టీములో వద్దు. ఎవరైనా హద్దు దాటి ప్రవర్తిస్తే కుటుంబం పరువని నోరు మూసుకోవద్దు, నిన్ను పంపిన వాళ్ళకి నేరుగా రాయి. ఇందులో మొహమాటం అసలు పనికిరాదు.

ఇంకోటి. టీము చుట్టూ కంచె ఉంటుంది, చీకటి పడితే బయటికి వెళ్ళలేరు, అందుకని ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం ఎక్కువవుతుంది. మనకి ఊపిరాడాలంటే కంచె అవతల కూడా మనుషులు కావాలి. మీ స్కూలు పిల్లల అమ్మలు బిలుమ్ సంచులు అల్లుతారు కదా? నువ్వు నర్సాపురం చుట్టుపక్కల పిల్లవి, లేసు అల్లడం చూడకుండా పెరిగి ఉండవు. మనకి ఆ అల్లిక నేర్పింది కూడా దూరదేశం నుంచి వచ్చిన మిషనరీ అమ్మగార్లే. 1836లో ఇంగ్లండు నుంచి బౌడెన్, బీర్ దంపతులు మన వైపు వచ్చారని చర్చి పండగల్లో చెబుతూనే ఉంటారు. వాళ్ళు కట్టినవీ చెప్పినవీ అన్నీ చెబుతారు. ఆ రెండు ఇళ్ళ ఆడవాళ్ళలో ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు గంజి కాచి ఇచ్చారా, ఏ పాలేరు భార్య వచ్చి కూర్చుంది, ఎవరి దగ్గర ఎవరు ఏడ్చారు, అది ఏ ప్రసంగంలోనూ రాదు. నాకు ఎప్పుడూ అదే తెలుసుకోవాలనిపించేది. క్రోషే సూది పట్టుకెళ్ళి ఆ అమ్మల పక్కన కూర్చో. భాష రాకపోయినా చేతులు మాట్లాడతాయి.

టీము వాళ్ళు వెళ్ళిపోతారు. అది కూడా ఇప్పుడే చెప్పాలి. ఫిలిప్పీన్స్ వాళ్ళ పిల్లలు పెద్దవుతారు, ఆస్ట్రేలియా వాళ్ళు రిటైరవుతారు. వెళ్తారని తెలిసిన నాటి నుంచి ముందే దూరం జరిగిపోవాలనిపిస్తుంది, దెబ్బ తగలకుండా. నేను జరిగాను, అప్పుడు కూడా దెబ్బ తగిలింది. కేరళ ఆవిడ వెళ్ళేటప్పుడు పెరుగు తోడు నా దగ్గర వదిలి వెళ్ళింది. ఆ తోడే నేను వచ్చేటప్పుడు కొత్తగా వచ్చిన టీచరుకి ఇచ్చి వచ్చాను. ఇంతకన్నా ఈ విషయం మీద నాకు చెప్పడానికి లేదు.

అమ్మ సంగతి. అన్యాయం కాదు. పౌలు రోమా వాళ్ళకి రాసిన పత్రిక చివర్లో పేర్ల జాబితా ఉంటుంది, ఎవరూ శ్రద్ధగా చదవరు. అందులో రూఫు అనే అతనికి వందనాలు చెప్పి, అతని తల్లి నాకూ తల్లే అంటాడు. ఎక్కడ, ఎప్పుడు, ఏం పెట్టిందో ఆ తల్లి, ఒక్క ముక్క లేదు. అలా రాసినందుకు కన్నతల్లి స్థానం తగ్గిందని ఎవరూ అనరు కదా. కాని మీ అమ్మ పౌలు పత్రికతో ఊరుకోదు, ఒంటరిగా ఉన్న మనిషి. నువ్వు టీము గురించి కథలు చెబితే ఆవిడకి వినిపించేది, నా అవసరం తీరిపోయింది అని. కథలు తగ్గించి మనుషుల్ని చూపించు. మీకు సాయంత్రం ఏడైతే పాలకొల్లులో మధ్యాహ్నం రెండున్నర, అమ్మ భోంచేసి నడుం వాల్చే వేళ. ఆ సమయానికి వీడియో కాల్ చేసి ఆ ఆస్ట్రేలియా ఆవిడ పక్కన కూర్చోబెట్టు. ఇద్దరికీ భాష కుదరదు. "మా అమ్మాయి సరిగా తింటోందా?" అని మీ అమ్మ అడుగుతుంది, నువ్వు తర్జుమా చెయ్యి, ఆవిడ ఇచ్చే జవాబు కూడా ఉన్నదున్నట్టు చెప్పు. నీ జ్వరం సంగతి బయటపడుతుంది, ఇద్దరూ కలిసి నిన్ను తిడతారు. పడు.

క్రిస్మస్‌కి ఇంటి నుంచి పిండివంటల పార్సిల్ కోసం చూడకు. అక్కడ తిండి సామాన్లు దిగనివ్వడానికి సవాలక్ష తనిఖీలు ఉంటాయి. నువ్వే అరిసెలు చెయ్యి. అరిసెలు ఎందుకంటే అది ఒక్క మనిషి చేసుకునే వంట కాదు. ఒకరు వత్తాలి, ఒకరు వేయించాలి, ఒకరు రెండు చెక్కల మధ్య పెట్టి నూనె పిండాలి. అరిసెల చెక్కలు లేకపోతే రెండు చిల్లుల గరిటెలు చాలు. బియ్యం ముందురోజు నానబెట్టి, తడి ఆరకుండా పిండి పట్టు. తడిపిండి కాకపోతే అసలు కుదరదు. బెల్లం దొరక్కపోతే ముదురు రంగు పంచదార వాడు. పాకం చూసే పని కొరియా అమ్మాయికి ఇవ్వు. చల్లని నీళ్ళ గిన్నెలో ఒక చుక్క వేస్తే మెత్తటి ఉండ కట్టాలి, అప్పుడు దించమను. తను కాస్త ఆలస్యం చేసి పాకం ముదిరిపోతే అరిసెలు రాళ్ళలా వస్తాయి. టీలో ముంచుకుని తినండి.